పేరు చెప్పి లోపలికి రా

నాంపల్లి,
ఆగస్టు 1953

చి. సౌ. నళినికి,

ఆశీర్వాదంతో మొదలుపెట్టడం ఆచారం. చెయ్యి రావడం లేదు. రాశాననుకుని చదువుకో.

నువ్వు తప్పిన మాట ఒకటి గుర్తు చేయడానికి ఈ ఉత్తరం. నీకు తెలిసిన సంగతే. అయినా నలభై ఏళ్ళు అదాలతులో ఉర్దూ, ఫార్సీ కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి బతికినవాణ్ణి. ఫిర్యాదు అంటే మొదటి నుంచీ రాయడం నా అలవాటు.

అనసూయ కాపురానికి వచ్చిన రోజు. నీకు అప్పుడు పదకొండేళ్ళు. మన ఇంటి గడప మీద నిలబడి, రెండు చేతులూ తలుపులకు అడ్డంగా చాపి, "పేరు చెప్పు వదినా, పేరు చెప్పకుంటే లోపలికి రానియ్య" అన్నావు. ఆడబిడ్డ హక్కు అది, ఎవరూ కాదనరు. మొగుడి పేరు పలికితే పాపమని నమ్మే పిల్ల ఆమె. సిగ్గుపడుతూనే, "వామన్‌రావు వచ్చిండు, నేను గూడ వచ్చిన" అంది. అందరూ నవ్వారు. నువ్వు వదల్లేదు. "నీకు బిడ్డ పుడితే మా ఇంటికిస్తవా?" అని పెద్ద ముత్తయిదువలా అడిగావు. "ఇస్త" అంది. ఏ పెళ్ళికూతురైనా అంతటితో తల వంచుకుని లోపలికి వస్తుంది. అనసూయ రాలేదు. "నేనొక మాటిచ్చిన, నువ్వు గూడ ఒకటియ్యి. ఇంకెన్నడు నన్ను గడప కాడ ఆపొద్దు" అంది. నువ్వు ఆమె చేతిలో చెయ్యి వేసి, "ఆపను వదినా, ఒట్టు" అన్నావు. పక్కనే పట్టుబట్టల్లో చెమటలు కక్కుతూ నేనున్నాను. నేను సాక్షిని.

మాకు ఆడపిల్ల పుట్టలేదు. శ్యామ్‌సుందర్ ఒక్కడే పుట్టాడు. మా మాటను దేవుడు తప్పించాడు. నీ మాటను నువ్వే తప్పావు.

అమ్మ ఆఖరి రోజులు గన్‌ఫౌండ్రీలో నీ ఇంట్లో గడిచాయి. "వాతం చేసింది, మంచం దిగుతలేదు, ఎవ్వరు రావొద్దన్నరు" అని కబుర్లు పంపేదానివి. అత్తగారు అట్లా ఉందంటే ఉండబట్టలేక అనసూయ జావ కాచి, గిన్నెను కొంగు కింద దాచుకుని, ఎండలో నాంపల్లి నుంచి నడిచి వచ్చింది. నువ్వు గడప మీద నిలబడ్డావు. మళ్ళీ అవే రెండు చేతులు. ఈసారి పేరు అడగలేదు. గిన్నె లోపలికి తీసుకున్నావు, మనిషిని తీసుకోలేదు. మర్నాడు ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపావు. పరాయివాళ్ళ గిన్నెలో కూడా చిటికెడు చక్కెరైనా వేసి పంపుతాం మనం. ఆ వారంలోనే అమ్మ పోయింది. పాడె మీద తప్ప అత్తగారి మొహం కోడలు చూడలేదు, తల్లి మొహం నేను చూడలేదు.

ఇరవై ఏళ్ళు కావస్తోంది. మైలు దూరంలో ఉండి మనం మాట్లాడుకోలేదు. ఈ ఉత్తరం కూడా ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు పోయి, ముద్ర వేయించుకుని, దాదాపు వెనక్కే నడిచి నీ వీధికి వస్తుంది. మన చుట్టరికానికి సరిపోయిన ప్రయాణం.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, అనసూయ నడవడం లేదు.

మరుపు వచ్చి రెండేళ్ళయింది. దానికి నేను భయపడలేదు. పొయ్యి మీద పాలు మరిచింది, పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది, జంగమ్మను పట్టుకుని "నువ్వెవరి పిల్లవు?" అంది. జంగమ్మ మా ఇంట్లో అంట్లు తోమడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో జంగమ్మకే తెలియదు. "అమ్మా, నేను నీ సవతి బిడ్డనే!" అని అది నవ్వించేది. మరుపుతో కాపురం చేయొచ్చు. ఒళ్ళు ఇట్లా ఎదురు తిరుగుతుందని మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. అడుగులు చిన్నవయ్యాయి. పాదాలు ఎత్తదు, నేలను రాస్తూ నడుస్తుంది. నడుం ముందుకు వంగింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుపోయింది. మొహం మీద నవ్వూ లేదు, కోపమూ లేదు, అద్దె ఇంటి గోడలా అయింది. అన్నిటికంటే వింత గడప. నట్టింట్లో ఎట్లాగో నడిచే మనిషి గడప దగ్గరికి రాగానే ఆగిపోతుంది. మడమలు లేస్తాయి, మోకాళ్ళు వణుకుతాయి, పాదాలు బండకు అతుక్కుపోతాయి. వెనకనుంచి తోస్తే ముందుకు పడుతుంది. ఒకసారి అట్లా పడి నుదురు చిట్లింది.

"ఏంది మొండితనం? జర కాలెత్తరాదూ!" అని అరిచాను. అరవగా అరవగా నాకొకటి తోచింది. మనసుకు తగిలిన దెబ్బ ఏళ్ళ తరబడి లోపల అణిగి ఉండి, ముసలితనంలో మనసు పట్టు సడలగానే అవయవాల్లోకి దిగుతుందని చదివాను. గడప దగ్గరే ఎందుకు ఆగాలి? గడప దగ్గర ఆమెను ఆపింది ఎవరు?

శ్యామ్‌సుందర్ లక్డీకాపూల్‌లో వేరే కాపురం ఉంటున్నాడు. రోజూ ఆఫీసు నుంచి వస్తూ తల్లిని చూసి పోతాడు. నుదుటి కట్టు చూసి, "బాపూ, ఇంకోసారి పడితే తుంటి ఎముక పోతది. పడుకున్నప్పుడు మెత్తటి పంచెతోని మంచానికి కడదాం. దసరా దాక చూస్త. కాకుంటే పిచ్చి దవాఖానల చేర్పిద్దాం. నేనేం కసాయోన్ని కాదు, నీకు డెబ్బై నిండినయి, ఎత్తలేవు" అన్నాడు. నిజమే, ఎత్తలేను. కానీ తన కాళ్ళ మీద తాను కాపురానికి వచ్చిన మనిషిని మంచానికి కట్టనివ్వను.

కాబట్టి నువ్వు రా. మా గడప మీద నిలబడి, "ఆ రోజు ఆపడం నా తప్పు వదినా" అని ఒక్క మాట చెప్పు. ఆ కాళ్ళను బిగించింది నువ్వు, విప్పాల్సింది నువ్వు. దసరా లోపల రా.

ఒకప్పుడు నీ అన్న,
వామన్‌రావు

*

నాంపల్లి,
సెప్టెంబరు 1953

నళినికి,

నీ కార్డు అందింది. ఇరవై ఏళ్ళ తర్వాత చెల్లెలు రాసే కార్డు అట్లా ఉంటుందా? "వస్తాను. తప్పు ఒప్పుకోవడానికి కాదు. వదినకు నీళ్ళు తాగితే పొరపోతున్నదా? పోతే పలచటివి ఇవ్వకు. జావ చిక్కగా కాచి, నిటారుగా కూచోబెట్టి, గడ్డం కిందికి వంచమని, కొంచెం కొంచెం పట్టు. పడుకోబెట్టి పొయ్యకు." ఇంతే. క్షేమమా అని లేదు.

జావ పేరెత్తడానికి నీకు ధైర్యం ఎట్లా వచ్చింది?

ఇంకో సంగతి. నీళ్ళు తాగితే దగ్గు వస్తోందని నేను నీకు రాయలేదు. గ్లాసు నోటికి పెట్టగానే పొరపోయి కళ్ళు తేలేస్తోంది. వయసు మీద పడి గొంతు ఎండిపోయిందనుకుని ఇంకా ఎక్కువ నీళ్ళు పోస్తున్నాను నేను. నీకెవరు చెప్పారు? జంగమ్మ నీ వీధిలో కూడా పని చేస్తోందా? అడిగితే, "గా అమ్మ మొకం నేనెన్నడు సూడలే సారూ. అమ్మకు గాలి సోకింది, తాయెత్తు కట్టియ్యరాదూ" అంటుంది. దాని వైద్యం దానిది, నా వైద్యం నాది. రెండింటితోనూ అనసూయకు ఒరిగింది లేదు.

నీ మీది కోపంతోనే జావ కాచాను, పనికిరాదని నిరూపించడానికి. ఒక్క దగ్గు లేకుండా గిన్నెడు దిగింది. ఈ ఒక్క విషయంలో నువ్వు గెలిచావని రాసుకో.

దవాఖానకు తీసుకుపోయాను. రిక్షా ఎక్కించడానికే అరపూట పట్టింది. ఆ డాక్టరు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. మోచెయ్యి వంచి చూశాడు, నడిపించి చూశాడు, తలుపు దగ్గర ఆమె ఆగిపోతే గొంతుక్కూచుని పాదాలు చూశాడు. నా సిద్ధాంతమంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. "మీ చెల్లెలు తలుపుకు అడ్డం నిలబడకపోయినా ఈ కాళ్ళు ఆగేవండీ. మరుపు ఒక్కటే జబ్బనుకుంటారు మనవాళ్ళు. తల మరిచిపోయినట్టే కాళ్ళూ నడక మరిచిపోతాయి, గొంతు మింగడం మరిచిపోతుంది, ఒంటేలుకు పోవాలన్న సంగతి ఒంటికే తెలియకుండా పోతుంది. అంతా ఆ మెదడు కిందిదే. మొండితనం కాదు, అరవకండి" అన్నాడు. మందు ఉందా అంటే, లేదన్నాడు. పడకుండా చూడమన్నాడు, పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండమన్నాడు.

మొండికేసింది అంటాం. మనిషి మొండికేస్తే అంటాం, బండి ఎద్దు కదలకపోతే అంటాం. నాలుగు భాషలు చదివి కూడా మనిషి మొండికేయడం వేరు, కాలు మొండికేయడం వేరు అని నాకు తోచలేదు. అదాలతు కాగితంలో ఒక్క మాటకు అర్థం తప్పు రాసినందుకు కేసు ఓడిపోయినవాళ్ళను చూశాను నేను.

ఇంటికొచ్చాక చూపు మారింది. నడవలో ఆ నల్ల జంపఖానా ఉంది కదా, మన నాన్న కొన్నది. దాని అంచు దగ్గర ఆగి రోజూ "గీడ బాయున్నది" అంటుంటే మతి చెడిన మాట అనుకున్నాను. తీసి అటక మీద పడేశాను. కింద పరిచిన షాబాద్ బండ కనిపించగానే దాటిపోయింది. ఆమె కళ్ళకు నిజంగానే అక్కడ బావి ఉంది, నళినీ. బావిలోకి దిగమని నేను రోజూ చెయ్యి పట్టి లాగాను. స్నానం చేయిస్తుంటే జంగమ్మను కొట్టిందని తిట్టాను. బిగుసుకున్న భుజాన్ని చీర కోసం పైకి లాగితే ఎవరికైనా నొప్పే. ఆ నొప్పి చెప్పడానికి మాట దొరక్క చెయ్యి చేసుకుంది. ఇప్పుడు వేన్నీళ్ళ గుడ్డ వేసి మెల్లగా వదులు చేసి, ఆ చేతికే ముందు రవిక తొడుగుతున్నాం. ఇప్పుడు కొట్టడం లేదు.

ఇవన్నీ చేస్తున్నా గడప మాత్రం గడపే. నిన్న ఆబిడ్స్‌కు వెళ్ళి రబ్బరు గుడ్డ కొనుక్కుని వచ్చేసరికి శ్యామ్‌సుందర్ తల్లి నడుముకు నా పాత పంచె చుట్టి మంచంపట్టెకు ముడివేశాడు. వాడు పక్కనే కూచుని ఉన్నాడు, కళ్ళు ఎర్రగా. "పడ్డది బాపూ. మళ్ళా గడప కాడ్నే. నేను పట్టుకునే లోపల పడ్డది" అన్నాడు. ఆమె ఏడవలేదు, పెనుగులాడలేదు. ఆ ముడిని వేళ్ళతో తడుముతూ నావైపు చూసి, "ఇది ఎవరి పెండ్లి?" అంది.

నేనే విప్పాను. ఎంత బిగించాడో, పంటితో లాగాల్సి వచ్చింది.

డాక్టరు నిన్ను నిర్దోషివని వదిలేశాడు. నేను వదల్లేదు. కాళ్ళు ఆగడానికి నువ్వు కారణం కాకపోవచ్చు. ఆ రోజు తలుపు ఆపింది మాత్రం మెదడు జబ్బు కాదు కదా. దసరాకు ఎన్నో రోజులు లేవు. వస్తానన్నావు. ఇదైనా నిలబెట్టుకో.

వామన్‌రావు

*

నాంపల్లి,
అక్టోబరు 1953

నళినికి,

నువ్వు వెళ్ళి గంట కాలేదు. తీర్పు కాగితం మీద చెప్పడమే నాకు అలవాటు కాబట్టి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ముందు రాసుకుంటాను, ఆ తర్వాత నా తీర్పు.

జంగమ్మ వచ్చి "గన్‌ఫౌండ్రి అమ్మగారు వచ్చిన్రు, బయటనే నిలబడ్డరు" అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా, నీకు వినపడేట్టే, "రమ్మను. మేం తలుపులు వేసేవాళ్ళం కాదు" అన్నాను. నువ్వు లోపలికొస్తూ, "తెలుసన్నా. నువ్వు తలుపులెయ్యవు, నోరు మూయవు" అన్నావు. జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయింది. నీ జుట్టంతా నెరిసింది. నడకలో అమ్మ కనిపించింది. ఆ మాట నీకు చెప్పలేదు.

కాసేపటికి శ్యామ్‌సుందర్ వచ్చాక, ఇద్దరం అనసూయను పెరట్లోంచి నడిపించుకొచ్చాం. నట్టింటి గడప దగ్గర మామూలుగానే ఆగింది. శ్యామ్‌సుందర్ వెనకనుంచి చంకల కింద పట్టుకున్నాడు. నేను ముందునుంచి చెయ్యి పట్టి లాగాను. పాదాలు ఇంకా బిగిశాయి, ఒళ్ళంతా వణికింది. నువ్వు అరిచావు: "గుంజకు అన్నా! గుంజితె ఇంకింత అంటుకపోతయి. ఇడిసిపెట్టు, జర ఊపిరి తీసుకోనీ." నేను వదిలేశాను, ఎందుకో. నువ్వు గడపకు ఇవతలికొచ్చి నిలబడ్డావు. ఆమె ముందుకు పడితే పట్టుకోవడానికేనేమో, రెండు చేతులూ చాపావు. మళ్ళీ అవే చేతులు. తిట్టడానికి నోరు తెరిచాను.

అనసూయ నీ చేతుల వైపు చూసింది. నువ్వూ ఆమె మొహమే చూశావు. నీకప్పుడు ఏం తోచిందో, పదకొండేళ్ళ గొంతుతో, "పేరు చెప్పు వదినా. పేరు చెప్పకుంటే లోపలికి రానియ్య" అన్నావు.

మొహం కదల్లేదు. గొంతులో మాత్రం నవ్వులాంటిదేదో గరగరలాడింది. "వామన్‌రావు వచ్చిండు," అంది. కుడి పాదం లేచింది. "నేను గూడ వచ్చిన." ఎడమ పాదం లేచింది. గడప దాటి వచ్చి నీ చేతుల్లో పడింది.

యాభై ఏళ్ళ కాపురంలో నా పేరు ఆమె నోట రెండోసారి విన్నాను. శ్యామ్‌సుందర్ అక్కడే బండ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక రెండో భాగం. లాగితే బిగుస్తాయని, చిక్కటి జావ దిగుతుందని నీకెట్లా తెలుసని అడిగాను. నువ్వు అనసూయ చెయ్యి వదలకుండానే చెప్పావు: "అమ్మకు గూడ గిట్లనే అయింది అన్నా. వాతం కాదు. నన్ను 'ఎవరమ్మా నువ్వు' అనేది. కాళ్ళు కదలకపోతుండె. నీళ్ళు పొరపోతుండె. పక్కల తడిసేది, తెలిసేది కాదు. తెలివొచ్చినప్పుడు మాత్రం సిగ్గుతోని గోడకు తిరిగి పండుకునేది. నాతోని ఒట్టేయించుకున్నది, 'నన్ను తడిబట్టల మీద కోడలు చూడొద్దు. వామనుడు అసలే చూడొద్దు. ఎవ్వర్ని గడప దాటనియ్యకు' అని. వదిన జావ తెచ్చిన నాడు అమ్మ తడిసి ఉన్నది. వదినకు ఇచ్చిన మాట నాకు యాదికి లేదనుకున్నవా? అప్పుడు గూడ యాదికి ఉన్నది. ఎవరి మాట నిలబెట్టాలె నేను?"

ఇంకా చెప్పావు. అమ్మ గొంతు నుంచి ఆఖరున దగ్గు లేకుండా దిగింది ఆ జావేనని, ఆ గిన్నెను నువ్వే తోమి పంపావని, అందులో చక్కెర వేయాలన్న సోయి నీకు లేదని.

నా తీర్పు ఇది. నేను నమ్మలేదు. సాక్షి చచ్చిపోయింది, పిలవలేం. ఇరవై ఏళ్ళు నోరు మూసుకుని ఇప్పుడు చెబితే దాన్ని వాంగ్మూలం అనరు, సాకు అంటారు. మన అమ్మ ఎవరు? పరదా ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళ తగాదాలు తీర్చిన మనిషి, జప్తుకొచ్చిన అమీనులను వాకిట్లో నిలబెట్టి మాట్లాడిన మనిషి. ఆమె సొంత కొడుక్కి మొహం చూపడానికి సిగ్గుపడిందా? కొడుకును కాదనుకుందా? నువ్వు నీ తప్పును అమ్మ పక్కలోకి తోస్తున్నావు.

పేరు అడిగి దాటించే పద్ధతి చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి. వాడుకుంటాను. నువ్వు మాత్రం రాకు.

వామన్‌రావు

*

నాంపల్లి,
ఫిబ్రవరి 1954

నా చెల్లెలు నళినికి,

ఆశీస్సులు. ఈసారి చెయ్యి వచ్చింది. సుమంగళిగా నూరేళ్ళు ఉండు.

దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, నుమాయిష్ కూడా అయిపోయింది. అనసూయ ఇంట్లోనే ఉంది, కట్టులేకుండా ఉంది. ఈ మాట ముందు చెప్పాలని రాశాను.

నీ పేర్ల మంత్రం సంక్రాంతి దాకా బాగా పనిచేసింది. పొద్దున పెరటికి, సాయంత్రం వాకిట్లోకి, ప్రతి గడప దగ్గరా జంగమ్మ చేతులు చాపి నిలబడేది. "పేరు చెప్పమ్మా, లేకుంటే రానియ్య. ఆడబిడ్డను నేను" అనేది. రోజుకు అన్నిసార్లు నా పేరు వినడం వల్ల నాకు పొగరెక్కిందని శ్యామ్‌సుందర్ వేళాకోళం. తర్వాత్తర్వాత పేరు పోయింది. పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. మాట రాకపోతే కాలూ రాలేదు. అప్పుడు గడపకు ముందు, నడవ పొడుగునా, అడుగు అడుగుకొక అడ్డగీత ముగ్గుపిండితో వేశాం. ముగ్గు తొక్కకూడదని చిన్నప్పుడు నేర్చిన కాళ్ళు కదా! గీత కనపడగానే దాటడానికి పాదం లేస్తుంది. జంగమ్మ రోజూ తుడిచి మళ్ళీ వేస్తోంది. "మీ ఇంట్ల దినాం పండుగనే సారూ" అంటుంది. ఇవాళ అది కూడా నాలుగు గీతలకు మించి సాగడం లేదు. ఈ జబ్బులో ఏ ఉపాయానికైనా ఆయుష్షు కొన్నాళ్ళే. ఒకటి పోయేసరికి ఇంకొకటి వెతుక్కోవాలి. పుండ్లు పడలేదు, జావ దిగుతోంది. పొద్దున వెలుగులో కూచోబెడితే రెండు ముక్కలు మాట్లాడుతుంది. ఇంతే మా సంపద.

ఇక నేను నీకు రాయాల్సిన సంగతి.

మొన్న ఆదివారం పొద్దున ఆమె పక్క తడిసింది. తడవడం కొత్త కాదు. ఆ పూట మాత్రం తెలివి ఉంది. జంగమ్మ ఇంకా రాలేదు, నేనే దుప్పటి మార్చడానికి పోయాను. దుప్పటిని రెండు చేతులా బిగించి పట్టుకుంది. అంత బలం ఆ బిగుసుకున్న చేతుల్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో. వీధి తలుపు చప్పుడైంది. శ్యామ్‌సుందర్ పిల్లలను కూడా తీసుకొచ్చాడు, నాయనమ్మకు చూపించడానికి. వాళ్ళ గొంతులు వినగానే ఆమె నావైపు చూసింది. ఆ చూపులో మతిమరుపు లేదు, నళినీ. అన్నీ తెలిసిన మనిషి చూపు. "తలుపెయ్యండి," అంది. "ఎవ్వర్ని రానియ్యకండి. వాడు చూడొద్దు."

నేను గబగబా లేచాను. తలుపు వేసే వ్యవధి లేదు, వాడు అప్పటికే గడప దగ్గరికి వచ్చేశాడు. నేను గడప మీద నిలబడి రెండు చేతులూ చాపాను.

"ఏంది బాపూ? అమ్మకేమయింది?" అన్నాడు. "ఏం కాలేదు. ఇప్పుడు రాకు" అన్నాను. "జరగు, చూడనీ" అన్నాడు. "చెప్తుంటే అర్థం కాదా, రావద్దని!" అని అరిచాను. వాడి మొహం ఎట్లా అయిందో నీకు చెప్పనక్కరలేదు. ఆ మొహాన్ని నువ్వు ఒకసారి చూశావు, జావ గిన్నె పట్టుకున్న మొహం. నా చేతుల వంక నేను చూసుకున్నాను. అవి నీ చేతులు.

అక్కడే, నిలబడ్డచోటనే, నీ మాట నమ్మాను. నమ్మడానికి సాక్షి అక్కర్లేకపోయింది. ఆ గడపకు అటువైపు నిలబడి ఇరవై ఏళ్ళు చూశాను. ఇటువైపు నుంచి చూడడం అదే మొదటిసారి.

చేతులు దించలేదు వెంటనే. అనసూయ అడిగింది, నేను మాటిచ్చినట్టే లెక్క. నువ్వు నిలబెట్టిన మాటే అది. కానీ ఇంకో ఆలోచన వచ్చింది. ఇప్పుడు వీణ్ణి వెనక్కి పంపితే, నాయనమ్మకు జ్వరమని పిల్లలకు చెబుతాడు. వాడి భార్యకో, వాడికో, ఈ పిల్లల్లో ఒకరికో ఒకనాడు కాళ్ళు గడప దగ్గర ఆగుతాయి. మొండితనమని అరుస్తారు. నీళ్ళు పొరపోతుంటే ఇంకా పోస్తారు. పంచె వెతుకుతారు. నేను అరిచినట్టు, వాడు కట్టినట్టు.

అనసూయ దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను: "వాడు చూడడానికి రావడం లేదే, నేర్చుకోవడానికి వస్తున్నాడు. నీ కొడుకే, నీ పక్క తడిపి పెరిగినవాడే." అర్థమైందో లేదో తెలియదు. చాలాసేపు నా వేళ్ళు పట్టుకుంది. తర్వాత దుప్పటి వదిలింది. పిల్లలను జంగమ్మ వచ్చి బిస్కెట్లు పెట్టి వాకిట్లో కూచోబెట్టింది. శ్యామ్‌సుందర్‌ను లోపలికి పిలిచాను. ఒళ్ళు కనపడకుండా పైన పొడిదుప్పటి కప్పి కిందిది ఎట్లా లాగాలో, బిగిసిన చేతిని ముందు ఎట్లా వదులు చేయాలో, మోకాళ్ళు మడిచి పక్కకు ఎట్లా తిప్పాలో చూపించాను. వాడు చేశాడు. మొదటిసారి కాబట్టి నా పాదం తొక్కాడు. అయిపోయాక తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి, "మంచిగున్నవా అమ్మా?" అన్నాడు. "ఎవరి పిల్లగాడివి?" అంది ఆమె. "నీ సవతి కొడుకునే" అన్నాడు, జంగమ్మ మాటను అరువు తెచ్చుకుని. గొంతులో ఆ గరగర మళ్ళీ వినపడింది. ఆ తర్వాత వాడు ఆనాడు ముడివేసిన నా పాత పంచెను చించి తడి తుడవడానికి ముక్కలు చేశాడు.

నళినీ, నువ్వు రావాలి. వారానికి రెండు పూటలైనా రావాలి. నువ్వు ఒంటరిగా చేసిన పని ఏమిటో ఇప్పుడు తెలిసింది, ఒక్కదానివి ఎట్లా ఎత్తావో తెలియడం లేదు. వచ్చేటప్పుడు గిన్నె ఏదైనా తీసుకురా, ఖాళీగా తిప్పి పంపను.

నిన్ను ఇరవై ఏళ్ళు తిట్టినందుకు నువ్వు ఒక మెత్తటి మాట ఆశిస్తుంటే, అది నాకు చేతకాదు. నా కోపం చల్లారలేదు. చిరునామా మారింది, అంతే. కొడుకునూ కోడలినీ గడప అవతల నిలబెట్టి, పదిమందికీ వాతమని చెప్పించి, ఒంటికి వచ్చిన జబ్బును ఇంటికి వచ్చిన పరువు తక్కువగా లెక్కవేసి, ఆ బరువంతా ఒక్క కూతురి నోట్లో ఒట్టుగా కుక్కి వెళ్ళిపోయిన మనిషి ఉంది. ఆ రోజు మమ్మల్ని చూడనిచ్చి ఉంటే, అనసూయ కాళ్ళు మొదటిసారి ఆగిన పూటే నాకు తెలిసేది. రెండేళ్ళ అరుపులు తప్పేవి, నుదుటి మచ్చ తప్పేది, ఆ ముడి తప్పేది, మన ఇరవై ఏళ్ళు తప్పేవి. ఆమెకు సిగ్గు అని నువ్వంటావు. అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు.

నువ్వు గుమ్మంలో చేతులు చాపి అడగకముందే నేనే పేరు చెప్పి లోపలికి వస్తున్నాను. నేను ఇప్పుడు తప్పు పట్టేది నిన్ను కాదు, శంకరమ్మను, మన అమ్మను.

నీ అన్న,
వామన్‌రావు